పగ అరిగిన పేరు

లండన్ శివార్లలో క్యూ అనే చోట బ్రిటన్ జాతీయ పత్రాల భాండాగారం ఉంది. 1605 నవంబరు నాటి వాంగ్మూలాలు కొన్ని అక్కడ భద్రంగా ఉన్నాయి. వాటిలో రెండింటి కింద ఉన్న సంతకాలు ఒకే మనిషివి. చూస్తే అలా అనిపించదు. ఒకదాని మీద ‘గైడో’ అన్న పేరు వణికి, వంకర్లు పోయి, కలం చేతిలోంచి జారిపోతున్నట్టు కనిపిస్తుంది. కొన్నాళ్ళ తరవాత చేసిన రెండోది తిన్నగా, తేటగా ఉంటుంది. మొదటిది లండన్ టవర్ చెరసాలలో చిత్రహింసలు పెట్టిన వెంటనే చేయించినది. ఆ చెయ్యి గై ఫాక్స్‌ది. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల్లో నలుగురు స్నేహితులు కలిసినప్పుడు ‘హాయ్ గైస్’ అని పలకరించుకుంటారే, ఆ పలకరింపులో ఉన్నది ఆ మనిషి పేరే.

ఒక రాజ్యం చట్టం చేసి మరీ అసహ్యించుకోమన్న పేరు ఇది. రెండున్నర శతాబ్దాలపాటు ఊరూరా మంటల్లో వేసిన పేరు. అలాంటిది స్నేహితుల మధ్య చనువు మాటగా ఎలా మారిందో తెలుసుకుంటే, మాటల మీదా మనుషుల మీదా కొంత నమ్మకం కలుగుతుంది. పగలు రాజేసే మాటలు గంటకొకటి పుట్టుకొస్తున్న ఈ రోజుల్లో అలాంటి నమ్మకం మనకు అవసరం కూడా.

గై అన్నది నిజానికి చాలా పాత పేరు. జర్మానిక్ మూలాల నుంచి ఫ్రెంచిలోకి వచ్చి, నార్మన్ల వెంట ఇంగ్లండు చేరింది. ఇటలీలో దాన్నే గైడో అంటారు. గై ఫాక్స్ 1570లో యార్క్ నగరంలో ప్రొటెస్టెంట్ కుటుంబంలో పుట్టాడు. ఎనిమిదేళ్ళ వయసులో తండ్రి పోయాడు. తల్లి తరవాత కేథలిక్ ఇంటికి మారుమనువు వెళ్ళింది. కుర్రవాడు ఎదిగే కొద్దీ ఆ మతంలోకే మళ్ళాడు. అప్పటి ఇంగ్లండులో కేథలిక్కుగా బతకడం తేలిక కాదు. ప్రభుత్వ మతపు చర్చికి వెళ్ళకపోతే నెలకు 20 పౌండ్లు జరిమానా అని 1581లో చట్టం చేశారు. మామూలు కుటుంబాన్ని నేలమట్టం చేసే మొత్తం అది. పూజ జరిపించే గురువులను దాచి పెట్టడం ప్రాణాల మీదికి తెచ్చే నేరం. ఫాక్స్ ఇంగ్లండు వదిలి, స్పెయిన్ సైన్యంలో చేరి, ఇవాళ్టి నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల్లో యుద్ధం చేశాడు. మందుగుండు పని అక్కడే ఒంటబట్టింది. గైడో అన్న పేరూ అక్కడే పెట్టుకున్నాడు.

1603లో మొదటి జేమ్స్ గద్దెనెక్కినప్పుడు కేథలిక్కులు కాస్త ఊపిరి పీల్చుకోవచ్చని ఆశపడ్డారు. ఆ ఆశ ఎంతో కాలం నిలవలేదు. రాబర్ట్ కేట్స్‌బీ అనే సంపన్న యువకుడు కోపంతో ఒక పథకం వేశాడు. 1604 మే నెలలో లండన్ స్ట్రాండ్ వీధిలో ‘డక్ అండ్ డ్రేక్’ అనే పూటకూటింట్లో మొదట అయిదుగురు కలిశారు. చివరికి పదమూడుమంది అయ్యారు. పార్లమెంటులో ప్రభువుల సభ కింద ఉన్న నేలమాళిగను అద్దెకు తీసుకుని, 36 పీపాల తుపాకీమందు చేర్చి, పైన కట్టెలూ బొగ్గూ కప్పారు. రాజు సభను ప్రారంభించడానికి వచ్చే రోజున అంటించాలన్నది పన్నాగం. 1605 అక్టోబరు ఆఖరులో మాంటీగల్ ప్రభువుకు ఆకాశరామన్న ఉత్తరం అందింది: ఆ రోజు సభకు వెళ్ళవద్దని. ఆయన దాన్ని మంత్రుల చేతికిచ్చాడు. నవంబరు 4 అర్ధరాత్రి వేళ భటులు వెతికితే, పీపాల దగ్గర కాపలా ఉన్న ఫాక్స్ దొరికాడు. పేరేమిటంటే జాన్ జాన్సన్ అన్నాడు. ఎవరి నౌకరువంటే, ఆ నేలమాళిగను అద్దెకు తీసుకున్న కుట్రదారు పెర్సీ నౌకరునన్నాడు.

అంటుకుని ఉంటే రాజూ, యువరాజూ, ప్రభువులూ, బిషప్పులూ, వాళ్ళతోపాటు ఏ పాపం ఎరగని సేవకులూ గుమాస్తాలూ వందల్లో పోయేవారు. మతం పేరిట తమ మీద జరిగిన అన్యాయం ఎంతటిదైనా, దానికి ఈ మారణకాండ జవాబు కాదు. ఆ మాట చెప్పుకున్నాకే మిగతాది చెప్పుకోవాలి. ఎందుకంటే మిగతాది కూడా దారుణమే. చిత్రహింసలకు రాజు స్వయంగా రాతపూర్వకంగా అనుమతి ఇచ్చాడు. ముందు తేలికపాటివి, ఆ పైన మెల్లమెల్లగా తీవ్రమైనవి అని వరస కూడా చెప్పాడు. వణికిన సంతకం ఆ కాగితం ఫలితం. 1606 జనవరి 31న వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఫాక్స్‌ను ఉరి తీశారు. కొనప్రాణం ఉండగానే దించి, కడుపు చీల్చి, నాలుగు ముక్కలు చేయడం రాజద్రోహానికి అప్పటి శిక్ష. ఉరితాడుకే మెడ విరిగి చనిపోవడంతో ఫాక్స్ ఆ పైబాధ తప్పించుకున్నాడు.

నాయకుడు కేట్స్‌బీ అప్పటికే స్టాఫర్డ్‌షైర్‌లో తుపాకి దెబ్బకు చనిపోయాడు. పథకం అతనిది. మనుషులను కూడగట్టింది అతను. కానీ కేట్స్‌బీ పేరు ఇవాళ చరిత్ర పుస్తకాల్లో తప్ప ఎక్కడా వినపడదు. జనం మనసులో నాటుకున్నది నిప్పు పట్టుకుని చీకట్లో నిలబడిన కాపలావాడి పేరు. అతని చేతిలో లాంతరు ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అంత చిన్న రేకు లాంతరు చుట్టూ అంత పెద్ద కథ అల్లుకోవడం వెనక కారణం ఒకటే: పట్టుబడ్డ క్షణం కంటికి కట్టేలా ఉంది. ఏటా పార్లమెంటు ప్రారంభోత్సవానికి ముందు రాజభటులు లాంఛనంగా నేలమాళిగలను గాలించే ఆచారం ఇప్పటికీ సాగుతోంది.

గండం గడిచిన కొద్ది నెలలకే పార్లమెంటు చట్టం చేసింది. ఏటా నవంబరు 5న ప్రతి చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరగాలి, ఆ చట్టాన్ని బిగ్గరగా చదివి వినిపించాలి, జనం హాజరు కావాలి. గంటలు మోగేవి. మంటలు వేసేవారు. 1859లో రద్దయ్యేదాకా ఆ చట్టం 253 ఏళ్ళు నిలిచింది. ఆ కాలమంతటా ఎందరు సామాన్య కేథలిక్కులు ఆ సాయంత్రాలు తలుపులు బిడాయించుకుని, పిల్లలను లోపలికి లాక్కుని కూర్చున్నారో లెక్క లేదు. పదమూడుమంది చేసిన దానికి తరతరాలవాళ్ళు అనుమానపు చూపులు భరించారు. పార్లమెంటులో కూర్చునే హక్కు కేథలిక్కులకు 1829లో గానీ దక్కలేదు. నవంబరు 5 మంటల వెలుగులో చూడవలసింది బాణసంచా ఒక్కటే కాదు, ఇది కూడా.

మొదట్లో ఆ మంటల్లో వేసింది ఎక్కువగా పోపు దిష్టిబొమ్మను. పదిహేడో శతాబ్దం చివరి దశాబ్దాల్లో లండన్‌లో పోపు బొమ్మను ఊరేగించి కాల్చడం పెద్ద తతంగంగా నడిచింది. కాలక్రమంలో పోపు పక్కకు జరిగి ఫాక్స్ వచ్చాడు. పాత చొక్కాలు, చిరిగిన లాగులు, వాటిలో గడ్డి కూరి, తల మీద ఓ పాత టోపీ. పిల్లలు ఆ బొమ్మను తోపుడుబండిలో పెట్టుకుని వీధివీధీ తిరిగి ‘పెన్నీ ఫర్ ది గై’ అంటూ బాణసంచాకు చిల్లర అడిగేవారు. ఇక్కడే మాటకు మొదటి మలుపు. మనిషి పేరు కాస్తా బొమ్మ పేరయింది. పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళకు ‘ఒక గై’ అంటే ఆ గడ్డిబొమ్మే.

మనకూ దసరాకు రావణుడి బొమ్మనూ, దీపావళికి నరకాసురుడి బొమ్మనూ కాల్చే ఊళ్ళు ఉన్నాయి. రాజకీయ పార్టీల దయవల్ల దిష్టిబొమ్మల దహనం ఏడాది పొడవునా జరుగుతుంది. అయినా బొమ్మ బొమ్మగానే ఉంది, పేరు పేరుగానే ఉంది. అలాగని పురాణాల పేర్లు మామూలు మాటలుగా మారడం మనకు కొత్తేమీ కాదు. అప్పుకోసం వెంటపడి వేధించేవాడు నక్షత్రకుడు. అడుగడుగునా అడ్డుపడేవాడు సైంధవుడు. పక్కనే ఉండి ధైర్యం చెడగొట్టేవాడిది శల్యసారథ్యం. కానీ ఈ పేర్లలో ప్రతిదానికీ కథ అంటిపెట్టుకునే ఉంది. నక్షత్రకుడన్నప్పుడు హరిశ్చంద్రుడు గుర్తుకొస్తాడు. సైంధవుడన్నప్పుడు అభిమన్యుడు కళ్ళముందు మెదులుతాడు. కథ ఊడిపోతే ఆ మాటలకు పదును పోతుంది. ‘గై’ విషయంలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు: కథ ఊడిపోయింది, మాట మాత్రం బతికింది, బతికి బాగుపడింది.

ఎలా బాగుపడిందో చూడాలి. బొమ్మ తరవాత, 1830ల నాటికి, వింతగా, అతుకుల బట్టలతో, చూస్తే నవ్వొచ్చేలా ఉన్న మనిషిని ‘గై’ అనడం ఇంగ్లండులో వచ్చింది. ఒకరిని ఆట పట్టించడానికి అదే మాటను క్రియగా కూడా వాడారు. గిల్బర్ట్, సల్లివన్‌ల సంగీత నాటకం ‘మికాడో’ 1885లో లండన్‌లో ఆడింది. అందులో ఒక హాస్యగీతంలో పల్లెటూరి దొరసాని ఒకావిడ గైలా బట్టలు వేసుకుంటుందని వెక్కిరింపు ఉంది. ఈ కాలపు శ్రోతలు విని ఆవిడ మగవాళ్ళ దుస్తులు వేసుకుందనుకుంటారు. కవి అన్నది దిష్టిబొమ్మలా ఉందని. నూటనలభై ఏళ్ళలో ఒక మాట తన వెక్కిరింపును ఎంతగా మరిచిపోయిందో తెలియడానికి ఈ ఒక్క అపార్థం చాలు.

అసలు మార్పు అమెరికాలో జరిగింది. న్యూ ఇంగ్లండ్ వలస రాష్ట్రాల్లో నవంబరు 5ను ‘పోప్ డే’ అని జరిపేవారు. బోస్టన్‌లో అయితే ఉత్తరపు పేట వాళ్ళూ దక్షిణపు పేట వాళ్ళూ చెరొక పోపు బొమ్మ తెచ్చుకుని, ఒకరి బొమ్మ ఇంకొకరు లాక్కోవడానికి తలలు పగిలేలా కొట్టుకునేవారు. 1775లో స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది. కేథలిక్కులు ఎక్కువగా ఉన్న కెనడా ప్రజల స్నేహం అమెరికన్లకు అవసరమైంది. సరిగ్గా ఆ ఏడాది నవంబరు 5న జార్జ్ వాషింగ్టన్ తన సైన్యానికి ఉత్తర్వు ఇచ్చాడు: పోపు బొమ్మ కాల్చే ఆ తెలివితక్కువ పని ఎవరూ చేయకూడదు, మనం ఎవరి సాయం కోరుతున్నామో వాళ్ళ మతాన్ని అవమానించడం సహించరానిది అని. యుద్ధావసరం చేయించిన మంచి పనే కావచ్చు. అయినా మంచి పనే. ఆ తరవాత అక్కడ ఆ పండగ క్రమంగా కనుమరుగైంది.

మంట లేదు, బొమ్మ లేదు, పేరు వెనకాల ఉన్న భయం తెలిసినవాళ్ళూ తగ్గిపోయారు. అలాంటి నేల మీద ‘గై’ అన్న మాట తేలికపడింది. పందొమ్మిదో శతాబ్దం నడిమికి అమెరికాలో అది ‘ఎవరో ఒకతను’ అన్న అర్థంలో వాడుకలోకి వచ్చింది. ఇంగ్లండులో ఏటా బొమ్మ కాలుతూనే ఉంది కాబట్టి మాట చాలాకాలం ఆ బొమ్మకే కట్టుబడి ఉంది. ‘అతను’ అన్న అర్థం అక్కడికి అమెరికా నుంచి తిరుగు ప్రయాణం చేసి వెళ్ళింది. పగను ఏటా గుర్తు చేసుకునే చోట మాట మారలేదు. గుర్తు చేసుకోవడం మానేసిన చోట మారింది. భాషాశాస్త్రం దృష్టితో చూస్తే ఇది చిన్న విషయం. మిగతా అన్ని దృష్టులతోనూ ఇది మాకు పెద్ద విషయంగా తోస్తుంది.

ఆ తరవాత మాట కొమ్మలు వేసింది. తనకే అన్నీ తెలుసనుకునేవాడు ‘వైజ్ గై’. ఇంకొకరి నేరం నెత్తిన పడి బలయ్యేవాడు ‘ఫాల్ గై’. సినిమాలు వచ్చాక ‘గుడ్ గైస్’, ‘బ్యాడ్ గైస్’ అన్న విభజన ప్రపంచమంతా పాకింది. 1950లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో ‘గైస్ అండ్ డాల్స్’ సంగీత నాటకం మొదలైంది. ఆ శీర్షికలో గైస్ అంటే మగవాళ్ళు, డాల్స్ అంటే ఆడవాళ్ళు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పరిస్థితి మారింది. 1971లో అమెరికన్ టెలివిజన్‌లో పిల్లలకు చదవడం నేర్పే ‘ది ఎలక్ట్రిక్ కంపెనీ’ మొదలైనప్పుడు నటి రీటా మొరెనో ‘హే యూ గైస్’ అని గొంతెత్తి అరిచేది. ఆడపిల్లలూ మగపిల్లలూ అందరినీ కలిపి వేసిన కేక అది. (డేరాలకు కట్టే తాడును కూడా ఇంగ్లిష్‌లో ‘గై’ అనే అంటారు. అది వేరే మాట, దారి చూపడం అన్న అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చింది. ఇద్దరూ చుట్టాలు కారు.)

ఒక మనిషిని ఉద్దేశించే మాట గుంపును పిలిచే మాటగా ఎందుకు స్థిరపడింది? ఇంగ్లిష్ భాషలో ఏర్పడిన ఒక ఖాళీ దానికి కారణం. ఆ భాషలో ఒకప్పుడు మనలాగే ఏకవచనానికి ‘దౌ’, బహువచనానికి ‘యూ’ ఉండేవి. పెద్దవారిని ఒక్కరినైనా మనం ‘మీరు’ అన్నట్టు వాళ్ళూ ‘యూ’ అనేవారు. ‘దౌ’లో చనువూ ఉండేది, సందర్భాన్ని బట్టి చులకనా ఉండేది. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రభుత్వ న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో ఆయన్ను ‘దౌ’ అని పిలిచి, కావాలనే అలా పిలుస్తున్నానని చెప్పి మరీ అవమానించాడు. 1606 జనవరిలో ఫాక్స్ మీదా అతని తోటివారి మీదా వాదించింది కూడా ఆ కోకే. ఆ శతాబ్దంలోనే ‘దౌ’ మాయమవడం మొదలైంది. మనుషులంతా దేవుడి ముందు సమానులని నమ్మిన క్వేకర్లు మాత్రం న్యాయమూర్తులనూ ప్రభువులనూ కూడా ‘దౌ’ అనే పిలుస్తామని పట్టుపట్టి, దెబ్బలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు. మిగతా లోకం మర్యాద వైపు మొగ్గి అందరికీ ‘యూ’ వాడింది. ఆఖరికి ఒక్కరికైనా ‘యూ’, వందమందికైనా ‘యూ’ మిగిలింది.

మర్యాద గెలిచింది గానీ లెక్క పోయింది. గదిలో నలుగురు ఉండగా ‘యూ’ అంటే ఎవరిని? ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు ఈ లోటును చోటుకొక విధంగా పూడ్చుకున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ‘యాల్’. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల ‘యింజ్’. ఐర్లండులోనూ, ఐరిష్ వాళ్ళు వెళ్ళి స్థిరపడ్డ ఊళ్ళలోనూ ‘యూజ్’. ఇంగ్లండులో ‘యూ లాట్’. వీటన్నిటికంటే విస్తారంగా పాకింది ‘యూ గైస్’. కోక్ ‘దౌ’ అని ఈసడించిన రోజుల్లో మొదలైన ఖాళీని, కోక్ ఉరికంబం ఎక్కించిన మనిషి పేరు మూడు శతాబ్దాల తరవాత వచ్చి పూడ్చింది. ఎవరూ తలపెట్టి చేసింది కాదు ఇది. ఈ కథంతటిలో మాకు అన్నిటికన్నా అపురూపంగా తోచిన సంగతి ఇదే. ‘ఓకే’ మాట పుట్టుక గురించి పుస్తకం రాసిన అమెరికన్ ఆచార్యుడు అలన్ మెట్‌కాఫ్, 2019లో ఈ ‘గై’ జీవితచరిత్రను కూడా పుస్తకంగా తెచ్చారు. ఒక సర్వనామపు అవసరం ఒక ద్రోహి పేరును ఎలా అక్కున చేర్చుకున్నదో ఆయన శ్రద్ధగా వివరించారు.

ఇప్పుడు ఆ మాట మీద కొత్త విచారణ జరుగుతోంది. ‘ఒక గై వచ్చాడు’ అంటే వచ్చింది మగమనిషే. ‘గైస్, రండి’ అంటే ఆడా మగా అందరూ. ఈ రెండో వాడుకలో తమకు చోటు నిజంగా ఉందా అని అమెరికాలో చాలామంది స్త్రీలు అడుగుతున్నారు. ముఖ్యంగా పదిమంది మగవాళ్ళ మధ్య ఒక్కతే ఇంజినీరుగా కూర్చునే అమ్మాయికి ‘గైస్’ అన్న పిలుపు తనను దాటి వెళ్ళినట్టు అనిపించవచ్చు. కొన్ని ఆఫీసుల్లో దాని బదులు ‘ఫోక్స్’, ‘ఎవ్రీవన్’, ‘టీమ్’ అనమంటున్నారు. ఇది అనవసరపు రాద్ధాంతమని కొట్టిపారేసేవాళ్ళతో మేము ఏకీభవించం. పిలిచేవాడి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ పిలుపు చేరవలసింది పిలిపించుకునే మనిషికి. ఆమెకు అందలేదంటే మరో మాట వెతుక్కోవడం మర్యాద. ఇలాంటి మాటలు వాడేవాళ్ళలోనే మారతాయి, ఉత్తర్వులతో కాదన్నది కూడా ఈ చరిత్రే చెబుతోంది.

ఈ మధ్యలో గై ఫాక్స్ ముఖానికి వేరే జన్మ వచ్చింది. 1982లో బ్రిటన్‌లో అలన్ మూర్ రాసి డేవిడ్ లాయిడ్ బొమ్మలు వేసిన ‘వి ఫర్ వెండెట్టా’ బొమ్మల కథలో, నియంతృత్వం మీద తిరగబడే హీరో గై ఫాక్స్ ముసుగు వేసుకుంటాడు. అది సినిమాగా వచ్చాక ఆ ప్లాస్టిక్ ముసుగు 2008 నుంచి ‘అనానిమస్’ నిరసనల్లో, 2011లో ‘ఆక్యుపై’ ఉద్యమంలో దేశదేశాల వీధుల్లో కనిపించింది. పేరు పలకరింపు అయింది, ముఖం నిరసన చిహ్నమయింది. అసలు మనిషి ఈ రెండింటి మధ్యా ఎక్కడో తప్పిపోయాడు. ఇంగ్లండులోనూ బొమ్మను బండిలో తిప్పి చిల్లర అడిగే పిల్లలు ఇప్పుడు దాదాపు లేరు. హాలోవీన్ వచ్చి ఆ చోటు తీసుకుంది. ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో మాత్రం ఇంకా పెద్ద ఎత్తున కాగడాల ఊరేగింపులు, మంటలు, ఆ ఏటి రాజకీయ నాయకుల దిష్టిబొమ్మలు ఉంటాయి. యార్క్‌లో అతను చదివిన సెయింట్ పీటర్స్ స్కూల్లో నవంబరు 5న బాణసంచా కాల్చినా అతని బొమ్మను కాల్చరు. అతను తమ పాత విద్యార్థి.

మాట తన చెడ్డపేరు పోగొట్టుకుని మంచి మనుషుల మధ్యకు రావడం మన దగ్గరా జరిగింది. వేదిక ఎక్కిన ప్రతివారూ ‘సభికులకు నమస్కారం’ అంటారు. సంస్కృతంలో సభికుడంటే జూదశాల నడిపేవాడు. శూద్రకుడి మృచ్ఛకటికంలో ఓడిన డబ్బు కోసం జూదరి వెంటపడి కొట్టే మాథురుడు అలాంటి సభికుడే. జూదశాల మాట పెద్దమనుషుల సభలోకి వచ్చి గౌరవంగా కూర్చుంది. భాషాశాస్త్ర పాఠాల్లో దీన్ని అర్థసౌమ్యత అంటారు. దీనికి ఎదురుగా నడిచినవీ ఉన్నాయి. ‘కంపు’ అంటే పాత కావ్యాల్లో పరిమళం. ఇప్పుడు ఆ మాట వింటే ముక్కు మూసుకుంటాం. మాటలకు దారి ఒకటే లేదు, కొన్ని పైకి వస్తాయి, కొన్ని జారిపోతాయి. గై పైకి వచ్చింది.

మన పిల్లల నోట ‘గైస్’ వినపడితే పెద్దలు కొందరు నొచ్చుకుంటున్నారు. తెలుగులో వంటల వీడియో చేసినా, ఊరి జాతర చూపించినా, తెలంగాణ పల్లెలో బతుకమ్మ పేర్చినా, డాలస్‌లో తెలుగు విద్యార్థి తన గది చూపించినా మొదటి మాట ‘హాయ్ గైస్’. మనకు మాటలు లేకనా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఆడా మగా తేడా లేకుండా పిల్లల గుంపును పిలవడానికి ‘ఏమర్రా’ అన్న అందమైన పిలుపు మనకుంది. ‘రండర్రా’ అనగానే వీధి అరుగు మీదున్న పిల్లలంతా వచ్చేవారు. ‘యూ గైస్’ కోసం ఇంగ్లిష్ మూడు శతాబ్దాలు తడుముకున్నది మన నాలుక మీద ఎప్పటినుంచో ఉంది.

కానీ ‘ఏమర్రా’కు ఒక హద్దుంది. అది పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను, లేదా ఒకే ఈడువాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే మాట. తెలుగులో నోరు తెరిస్తే ముందు ఎదుటివారి వయసూ వరసా తేల్చుకోవాలి. అన్నా, అక్కా, బాబాయ్, పిన్నీ, గారూ, అండీ. ఈ వరసలే మన మాటకు వెచ్చదనం. అయితే ఫోను ముందు నిలబడ్డ ఇరవై ఏళ్ళ పిల్లకు ఎదుట కనిపించేది అద్దపు కన్ను. దాని వెనక తాతయ్యలున్నారో తమ్ముళ్ళున్నారో తెలియదు. ‘ప్రేక్షక మహాశయులారా’ అంటే నాటకం మొదలవుతున్నట్టుంటుంది. ‘మిత్రులారా’ అంటే ఉపన్యాసంలా ఉంటుంది. ‘అందరికీ నమస్కారం’ ఉంది, నిండైన మాట, అలా మొదలుపెట్టేవాళ్ళను వింటే మాకు సంతోషమే. కానీ అది మొదట్లో ఒక్కసారి చెప్పేది. మాటల మధ్యలో చనువుగా భుజం తట్టడానికి అది కుదరదు. వయసూ వరసా అడగని పిలుపు కావలసి వచ్చి పిల్లలు ‘గైస్’ను తెచ్చుకున్నారు. వాళ్ళు తెచ్చుకున్న కారణం మనం విన్నాక, కోపం రాదు. వరసలు తెలియని కొత్త లోకంలోకి వాళ్ళను పంపింది మనమే.

వాళ్ళు ఆ మాటను ఎలా వాడుతున్నారో కాస్త చెవిపెట్టి వినండి. తెలుగు మాటల్లో ‘ఆ గై వచ్చాడు’ అని అనేవారు అరుదు. ఏకవచనాన్ని మనవాళ్ళు దాదాపుగా తీసుకోనే లేదు. తీసుకున్నది పిలుపు ఒక్కటే. ఆ పిలుపు పక్కన క్రియ ఎప్పుడూ బహువచనంలోనే వస్తుంది, మన్నింపుతోనే వస్తుంది. ‘గైస్, చూశారా’, ‘గైస్, చెప్పండి’, ‘గైస్, ఒక్క నిమిషం ఆగండి’. ‘చూడు గైస్’ అని ఏకవచనం కలిపితే పదేళ్ళ పిల్లకైనా తప్పని తెలిసిపోతుంది. ఈ వ్యాకరణం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఇంగ్లిష్‌వాళ్ళు చనువు ఒక్కటే చూసుకున్న మాటకు తెలుగు పిల్లలు వచ్చీరాగానే ‘అండి’ తగిలించారు.